సీసా మీది గీతలు

"పాలు తాపెటప్పుడు ఇస్త. తాపినంక మల్ల నా చేతికియ్యి. నడుమల పిల్లను ముట్టొద్దు."

సారమ్మ ఆ మాట అనడం ఇది మూడోసారి. నిన్న సాయంత్రం దవాఖాన నుంచి వచ్చి రిక్షా దిగుతూ ఒకసారి అంది. ఈ పొద్దున ఇంకోసారి అంది. ఇప్పుడు అన్నాల వేళ మళ్ళీ అంది. తొమ్మిది నెలల రూతు నాయనమ్మ ఒళ్ళో కూర్చుని ఆమె కొంగు చివర చప్పరిస్తోంది. ఒక రాత్రి, ఒక పగలు, మళ్ళీ ఒక రాత్రి కన్ను తెరవకుండా ఇంటిల్లిపాది ప్రాణాలూ తోడేసిన పిల్ల ఇదేనా అనిపించేలా కాళ్ళాడిస్తోంది.

కోడలు సుశీల వంటింటి గడప మీద నిలబడి ఉంది. జాకెట్టు పాలతో తడిసిపోయింది. కొంగు ముందుకు లాక్కుంది.

"అత్తా, రొమ్ములు సలుపుతానయి. ఒక్కపారి ఇయ్యి."

"తాపి గంట గూడ గాలే. జర ఆగు."

"దానికి ఆకలైతాంది. కొంగు సప్పరిస్తాంది సూడు."

"నాకు సూపియ్యకు. పిల్లకు ఆకలి ఎప్పుడైతదో, మందు ఎంత పొయ్యాల్నో నీకు ఎర్కుంటే మనకీ గతి పట్టకపోవు."

సుశీల గడప మీద నుంచి కదలలేదు.

వాకిట్లో నవారు మంచం మీద కూర్చున్న సారమ్మ మొగుడు ఏలియా చేతిలో పాత పేపరు ముక్క ఉంది. ఆయన దాన్ని పొడుగ్గా మడిచాడు, మళ్ళీ మడిచాడు, గోటితో మడత నొక్కాడు, అంచు చింపబోయి ఆగాడు. చూసుకుంటే అది మందు సీసాకు అతికించే గీతల కాగితం. ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పని. మనసు ఎక్కడున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. దాన్ని ఉండచుట్టి మంచం కిందికి విసిరేశాడు.

హన్మకొండలో ఒక డాక్టరమ్మ నడిపే డిస్పెన్సరీలో ఏలియా కంపౌండరు. జనం ఇళ్ళ నుంచి ఖాళీ సీసాలు తెచ్చుకుంటే, పెద్ద జాడీలోంచి ఎర్రటి దగ్గుమందు వంచి నింపుతాడు. కాగితం పట్టీ మడిచి, అంచులు కత్తిరించి, మైదా గంజితో సీసాకు అతికిస్తాడు. ఒక గీత నుంచి ఇంకో గీత దాకా ఒక పూట మందు. చదువు రానివాళ్ళు సైతం ఆ గీతలు చూసి లెక్క తప్పకుండా తాగుతారు. పెద్దవాళ్ళ గీతలు ఎడంగా ఉంటాయి, పిల్లలవి దగ్గరగా ఉంటాయి. పాత కాగితం ఉన్న సీసా వస్తే దాన్ని నానబెట్టి, గీకి, కొత్తది అతికించనిదే ఆయన చుక్క మందు పోసేవాడు కాదు. లైనులో నలభై మంది ఉన్నా సరే. ఏలియా సారుది మంచి హస్తవాసి అని కాజీపేట నుంచి ధర్మసాగర్ దాకా చెప్పుకుంటారు.

ఊరందరి సీసాలకూ అంత జాగ్రత్తగా గీతలు పెట్టిన మనిషి తన ఇంట్లో ఏం చేశాడయ్యా అంటే, దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు. సారమ్మ దగ్గుకు వాడి ఖాళీ చేసిన సీసానే తీసుకుపోయి, మనుమరాలి సర్దికని నింపుకొచ్చాడు. దాని మీద సారమ్మ కాగితం అలాగే ఉంది. ఇంటికి పోయాక మారుద్దాంలే అనుకున్నాడు. మరిచిపోయాడు. సోమవారం పొద్దున సైకిలెక్కుతుంటే సుశీల సీసా పట్టుకుని వచ్చింది.

"మామా, ఒక గీత పొయ్యాల్నా?"

తల తిప్పకుండానే "ఊ" అన్నాడు.

కోడలు గీత ప్రకారమే పోసింది. అరవై కిలోల సారమ్మ తాగవలసినంత మందు, తొమ్మిది నెలల పసిగుడ్డుకు, ఉగ్గుగిన్నెతో, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. సాయంత్రానికి పిల్ల లేవలేదు.

ఈ సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు చెబితే నమ్మేవాళ్ళు లేరు. ఇంకొకరు చెప్పడం లేదు.

గోడ అవతల నుంచి భద్రమ్మ తల కనిపించింది. పక్క క్వార్టరు ఆమె. చేతిలో ఖాళీ సీసా ఉంది.

"ఏలియా సారు, మా యాదగిరి కొడుక్కు ముక్కు కారుతాంది, దగ్గుతాండు. ఇంట్ల జరంత మందు ఉంటే పొయ్యి."

"మందు లేదు భద్రమ్మా."

"ఉన్నంతల్నే పొయ్యి. నీ చెయ్యి తగిల్తె సాలు."

"వద్దు. ముక్కు తుడువుండ్లి, గోరెచ్చని నీళ్ళు తాపుండ్లి. నాలుగొద్దులైతే అదే పోతది."

భద్రమ్మ నవ్వింది. "అదే పోయేదైతే ఇన్నేండ్లు మందెందుకు పోసినవ్ సారు?"

ఆమె తమాషాకే అంది. ఏలియా తల దించుకున్నాడు. మనుమరాలి బెంగతో ఉన్నాడు పాపం అనుకుని, ఆమె సీసాను పిట్టగోడ మీద పెట్టింది. "ఫికర్ చెయ్యకు సారు. నీ మనసు బాగైనంకనే నింపు" అని పక్కకు తప్పుకుంది.

ఆమె అడిగిన ప్రశ్ననే మంగళవారం పొద్దున పెద్ద దవాఖానలో సత్యనారాయణ డాక్టరు అడిగాడు. పిల్లల వార్డు చూసే ఆ డాక్టరు ఏలియా కొడుకు ఈడువాడు.

"కంపౌండర్ గారూ, మీరు ఇన్నేండ్ల నుంచి మందుల నడుమ ఉన్నరు. పసిపిల్లకు ఈ మందెందుకు?"

"సర్ది సార్. దగ్గు."

"సర్దికి ఇదేం చేస్తది? మందేస్తె వారం, వెయ్యకుంటె ఏడు రోజులు. దీంట్ల పనిజేసేది ఒక్క మత్తు. పెద్దోళ్ళకు నిద్ర పట్టిస్తది, పొద్దున లేచి దగ్గు తగ్గిందనుకుంటరు. ఈ పిల్లకు ఊపిరే మెల్లగైంది."

ఏలియా తల ఊపాడు. ఊపుతుంటే ఆయనకు రెండేళ్ళ కిందటి వానాకాలం జ్ఞాపకం వచ్చింది. అప్పుడు డిస్పెన్సరీకి పదిహేను రోజులు మందు సరుకు రాలేదు. వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక, ఆయన చక్కెర పాకంలో ఎర్ర రంగు, కాస్త పుదీనా సత్తు కలిపి పోశాడు. మందు పని చేయలేదని ఒక్క మనిషి తిరిగి రాలేదు. తొమ్మిదో నాడు ఈ భద్రమ్మే వచ్చి, సారు మందు రామబాణం అంది. ఆయన మురిసిపోయి, అంతా తన హస్తవాసి అనుకున్నాడు. అప్పుడే అనుమానం రావలసింది. పొగడ్త తియ్యగా ఉంటే అందులో చక్కెర ఎంతో ఎవరు చూడబోతారు?

అంటే పిల్లకు ఆ మందు తక్కువ పోసినా ఎక్కువ పోసినా సర్ది దారి సర్దిదే. ఏ అవసరమూ లేని మందు కోసం మనుమరాలి ప్రాణం మీదికి తెచ్చాడు. అది ఒక సిగ్గు. దాని తర్వాత చేసింది ఇంకా పెద్ద సిగ్గు.

గేటు చప్పుడైంది. సామ్యేలు లోకో షెడ్డు నుంచి డ్యూటీ దిగి వచ్చాడు. చేతుల మసి ఇంకా పోలేదు. చంకలో ఉన్న పాలపొడి డబ్బా తీసి తల్లి పక్కన పెట్టాడు.

"ఇగ దీనికి ఇవి అలవాటు చెయ్యి అవ్వా. పౌలు మామకు కబురు పెట్టిన. రెండు గంటల బస్సుకు అస్తాండు. బిడ్డను తోల్కపొమ్మన్న."

సుశీల డబ్బా వైపు చూసింది. "ఎన్ని రోజులకు?"

"బుద్ధి అచ్చిందాక."

"పిల్లనో?"

"పిల్ల ఈడనే ఉంటది. మా అవ్వ సాదుతది."

"పాలు తాగే పిల్ల అది."

"తాపినవ్ గదా నువ్వు. మంచిగ తాపినవ్."

సుశీల గడప దిగి ఒక అడుగు ముందుకు వచ్చింది. ఆమె గొంతు పైకి లేవలేదు. "నేను గీత ప్రకారమే పోసిన. ఒక్క గీత. ఆ మాట దవాఖానల గూడ చెప్పిన."

"ఏ గీత? డాక్టరు టేబుల్ మీద సీసా పెట్టినప్పుడు నేను లేనా? గీత లేదు, కాగితం లేదు. ఉత్త సీసా. అందాజగ పోసి, పైకెల్లి అబద్ధం."

"సామ్యేలూ" అన్నాడు ఏలియా.

"ఏంది బాపూ?"

"కాళ్ళు కడుక్కో. అన్నం తిందువు."

చెప్పదలిచింది అది కాదు. నోటిదాకా వచ్చిన మాట అన్నం మాటగా మారి బయటపడింది. తేలు కుట్టిన దొంగలా ఆయన మంచం మీదే ముడుచుకున్నాడు. సుశీల మామ వైపు చూడలేదు. దవాఖానలో ఒక్కసారి చూసింది, అంతే. ఆ చూపు ఆయనకు ఇంకా అన్నం సయించనివ్వడం లేదు.

మంగళవారం డాక్టరు సీసా తెమ్మన్నాడు. ఏ గీత దాకా పోశారో, పిల్ల కడుపులోకి ఎంత పోయిందో చూడాలన్నాడు. తెస్తానని ఏలియానే లేచాడు. బస్సులో కాజీపేటలోని ఇంటికి వచ్చి, తాళం తీసి, అలమారాలోంచి సీసా అందుకున్నాడు. కాగితం చూశాడు. తన చేతి కత్తిరింపు. పెద్దవాళ్ళ గీతలు. వరంగల్ పట్నంలో ఏ కంపౌండరు చూసినా అది ఏలియా సారు కాగితమని చెప్పగలడు.

ఆయన ఏమీ ఆలోచించలేదు. అది ఆయన తర్వాత చెప్పుకున్న సమాధానం. నిజానికి ఆలోచించడానికి తీరిక బాగానే దొరికింది. ఎందుకంటే గంజి ఎండి గట్టిపడిన కాగితం చప్పున ఊడదు. పెరట్లో గోలెం పక్కన కూర్చుని, మూత బిగించిన సీసాను నీళ్ళలో నాననిచ్చి, బొటనవేలి గోటితో గీకి, మళ్ళీ నాననిచ్చి, పూర్తిగా పోయేసరికి గంట పట్టింది. ఆ గంట సేపూ అవతల పిల్ల కన్ను మూసుకునే ఉంది. తుడిచిన సీసా తీసుకుపోయి డాక్టరు ముందర పెట్టాడు. ఔన్సు మందు తగ్గిందని డాక్టరు లెక్క కట్టాడు. "ఇంత పొయ్యమని ఎవ్వరు చెప్పిన్రు? కాగితమేది?" అని అడిగాడు.

"కాగితం లేదు సార్. కోడలు అందాజగ పోసినట్టుంది" అన్నాడు ఏలియా.

అప్పుడే సుశీల ఆయన వైపు చూసింది.

---

సామ్యేలు అన్నానికి కూర్చున్నాడు. సుశీల ఎంగిలి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. తిన్నదేమీ లేదు గానీ, కళ్ళనీళ్ళు ఎవరికీ కనపడకుండా కడుక్కోవాలంటే ఆ ఇంట్లో వేరే చోటు లేదు. కొంతసేపు ఆగి ఏలియా కూడా లేచి వెళ్ళాడు. కాళ్ళు పట్టుకుందామనుకున్నాడో, మాట తీసుకుందామనుకున్నాడో ఆయనకే తెలియదు.

సుశీల గోలెం దగ్గర చెంబుతో నిలబడి ఉంది.

"బిడ్డా."

"నిన్న నీళ్ళు తోడుతుంటే కాగితం తునకలు తేలినయి మామా." ఆమె వెనక్కి తిరగకుండానే చెప్పింది. "అంచులు కత్తిరించినయి. తీసి చెట్టు మొదట్ల పారేసిన."

ఏలియా గోలెం అంచు పట్టుకున్నాడు. "ఎందుకు పారేసినవ్? సామ్యేలుకు సూపకపోయినవా?"

"నానిన కాగితం సూపి ఏమని చెప్పాలె? మామ అబద్ధమాడిండని చెప్పాల్నా? నా మాట ఎవ్వలు నమ్ముతరు? చర్చిల పాస్టరయ్య గూడ దగ్గస్తే మీ కాడికే అస్తడు."

"నువ్వు అడిగినవ్ బిడ్డా. నేను ఊ అన్న. నాకు యాదికున్నది."

"యాదికున్నదా?" ఆమె ఇప్పుడు తిరిగి చూసింది. "యాదికి లేదేమో అనుకున్న. యాదికి లేకుంటే మంచిగుండు."

ఏలియా చెంపలు వేడెక్కాయి. అరవై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషి, ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల ముందర, నీళ్ళ తొట్టి పక్కన నిలబడి, ఎటు చూడాలో తెలియక సబ్బు పెట్టె వైపు చూశాడు.

"మా బాపెంట పోత" అంది సుశీల. "పొమ్మన్న ఇంట్ల ఉండ. గని పిల్ల నా ఎంట రావాలె. పాల పిల్లను ఇడిసి నేను ఉండలేను. మీరు చెప్తే ఇస్తరు. పిల్లనొక్కదాన్ని ఇప్పియ్యుండ్లి మామా. ఇంకేం అడుగను."

"ఇప్పిస్త" అన్నాడు ఏలియా.

"ఎట్ల ఇప్పిస్తరు?"

ఎట్లాగో ఇద్దరికీ తెలుసు. తల్లి చేతిలో పిల్ల క్షేమంగా ఉండదని ఇల్లంతా నమ్ముతోంది. నమ్మించినవాడే కాదని చెప్పాలి.

---

రెండు గంటల బస్సు మూడింటికి వచ్చింది. పౌలు గేటు బయటే చెప్పులు విడిచాడు. ములుగు అవతల అడవి పల్లెలో తునికాకు కల్లం దగ్గర పని చేసే మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు గానీ పై గుండీ ఊడిపోయింది. చేతిలో చిన్న గుడ్డ మూట ఉంది. పెళ్ళయిన మూడేళ్ళలో ఆయన ఎప్పుడొచ్చినా ఏలియా పక్కన మంచం మీద కూర్చునేవాడు. ఇవాళ నిలబడ్డాడు.

"కూసో బావా" అన్నాడు ఏలియా.

"కూసునే మొకం లేదు బావా. నా బిడ్డ గింత పని చేస్తదనుకోలే. తల్లి లేని పిల్ల. ఎట్ల సాదాల్నో నేర్పేటోళ్ళు లేకపాయె. మాఫ్ చెయ్యుండ్లి."

సుశీల సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తండ్రి ఆమెను పలకరించలేదు. మూట విప్పి సారమ్మ ముందర పెట్టాడు.

"సారపలుకులు అక్కా. పిల్ల జర పెద్దగైనంక పెట్టుండ్లి."

సారమ్మ మూట వైపు చూసి మెత్తబడింది. "నీ తప్పేమున్నది పౌలన్నా. గని పసిదాని పాణం. మల్ల గట్లయితే మేము తట్టుకుంటమా?"

"లేదక్కా. మీరు చెప్పిందే రైటు. కొన్నొద్దులు నా కాడ ఉంటది. పిల్లను మీరే సాదుండ్లి. బావ అసొంటి మందులెరిగిన మనిషి ఉన్న ఇంట్ల పిల్లకు ఏం భయం?"

సుశీల కళ్ళు మామ మీదికి వచ్చి నిలిచాయి.

ఏలియా లేచాడు. మంచం పట్టె పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"పౌలు బావా, తప్పు నీ బిడ్డది గాదు. తప్పు నాది."

సారమ్మ నిట్టూర్చింది. "ఇగ మొదలువెట్టిండు. ఈయన గింతే. ఎవ్వల తప్పయినా తన నెత్తినేసుకుంటడు."

"లేదే. మందు తెచ్చింది నేను. చెప్పకపోయింది నేను."

పౌలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందుకొచ్చి వియ్యంకుడి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "నువ్వు గొప్పోనివి బావా. నా బిడ్డ ఇజ్జత్ నిలవెట్టనీకె నీ మీదేసుకుంటానవ్."

గోడ అవతల భద్రమ్మ ఎప్పటినుంచి నిలబడిందో ఏమో, ముక్కు మీద వేలేసుకుంది. "గిసొంటి మామ ఎవ్వలకు దొర్కుతడమ్మా."

"సూసినవా?" అన్నాడు సామ్యేలు పెళ్ళాంతో. "నిన్ను దాసెటందుకు మా బాపు ఎంత మాటంటాండో సూడు. సిగ్గుండాలె."

ఆ క్షణంలో ఏలియాకు ఏమనిపించిందో చెప్పకుండా దాటేస్తే కథ చెప్పేవాడికి పాపం తగులుతుంది. ఆయనకు హాయి అనిపించింది. నిజం చెప్పేశాడు. ఎవరూ తిట్టలేదు. పైగా పొగిడారు. మూడు రోజులుగా గుండె మీద ఉన్న బరువు దిగినట్టే ఉంది, పేరూ నిలిచింది. ఇక ఇక్కడితో ఆపవచ్చు. నేను చెప్పాను గదా, వాళ్ళే నమ్మలేదు అని దేవుడికి చెప్పుకోవచ్చు. ఒక్క ఊపిరి సేపు ఆయన అలా నిలబడ్డాడు, పౌలు చేతుల్లో చేతులుంచి.

"పోయొస్తం మరి" అన్నాడు పౌలు. "బస్సు మల్లుతది. ప్రార్థన చెయ్యి బావా. నీ నోటితోని ఒక మాట చెప్పు, బయలెల్లుతం."

ప్రయాణానికి ముందు ఇంటి పెద్ద ప్రార్థన చేయడం వాళ్ళకు అలవాటు. అందరూ తలలు వంచారు. సారమ్మ పిల్ల తల మీద కొంగు కప్పింది. సుశీల ఒక్కతే తల వంచలేదు. సంచీ కింద పెట్టి, రెండు చేతులూ ఖాళీగా వేలాడదీసి నిలబడింది. జాకెట్టు మళ్ళీ తడిసింది. పిల్ల తల్లి వైపు చెయ్యి చాపి మూలిగింది.

"పరలోకమందున్న తండ్రీ" అని మొదలుపెట్టాడు ఏలియా.

తర్వాతి మాట రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

"బాపూ?" అన్నాడు సామ్యేలు కళ్ళు తెరిచి.

"ప్రార్థన చెయ్యనీకె నాకు నోరు లేదు" అన్నాడు ఏలియా. "కూసోండ్లి అందరు. నేను మొత్తం చెప్పలే."

"ఇంకేం చెప్తవ్?" అంది సారమ్మ.

"సీసా మీద కాగితం ఉండె. నీ కాగితం సారమ్మా, నీకు అతికిచ్చిన పెద్దోళ్ళ గీతలు. నేనే మార్చలే. ఒక గీత పొయ్యాల్నా అని సుశీల నన్ను అడిగింది. ఊ అన్న."

"ఇగ ఊకో" అంది సారమ్మ. కానీ ఆమె గొంతులో ఇందాకటి ధీమా లేదు. "కాగితం ఉంటే ఏడవోయింది? డాక్టరు సూస్తే లేదాయె."

"డాక్టరు సూడొద్దని నేనే కడిగిన."

పౌలు తన చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఎప్పుడు తీసుకున్నాడో ఏలియాకు తెలియలేదు, తన చేతులు ఉత్తగా ఉన్నాయని మాత్రం తెలిసింది. ఎవ్వరూ గొప్పోనివి అనలేదు. గోడ మీద నుంచి భద్రమ్మ తల కిందికి దిగింది.

సామ్యేలు తండ్రి ముందరికి వచ్చి నిలబడ్డాడు. కోపంగా లేడు. ఏదో కూడిక తప్పినట్టు కనుబొమలు ముడిచి, నెమ్మదిగా అడిగాడు.

"ఎప్పుడు కడిగినవ్?"

"మంగళారం. సీసా తేనీకె ఇంటికచ్చినప్పుడు."

"పిల్ల లేవకముందా?"

"లేవకముందే."

"దవాఖాన గేటు కాడ నీకోసం నిలవడ్డ నేను. డాక్టరు రెండుసార్లు అడిగిండు, సీసా ఏది, సీసా ఏది అని. గంట లేటుగ అచ్చినవ్. బస్సు దొర్కలేదంటివి."

ఇక్కడ కూడా ఒక దారి ఉంది. బస్సు నిజంగానే దొరకలేదు అంటే ఎవరూ పోయి ఆరా తీయరు. కొడుకు అదే అనాలని కోరుకుంటున్నాడు, ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"బస్సు దొర్కింది బిడ్డా" అన్నాడు ఏలియా. "జల్దినే దొర్కింది."

సామ్యేలు అరుగు మీద కూర్చున్నాడు. మసి చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు. మాట్లాడితే బాగుండునని ఏలియా ఎదురు చూశాడు, తిట్టినా సరే.

సుశీల వాకిట్లోకి నడిచి వచ్చింది. అత్త ముందర వంగి, రెండు చేతులూ చాపింది. పిల్ల మీద ఉన్న సారమ్మ చేతులు వాటంతటవే వదులయ్యాయి. రూతు తల్లి మెడ దొరకబుచ్చుకుని రొమ్ము వెతుక్కుంది. సుశీల కొంగు కప్పి, అక్కడే, అందరి ముందరే, నిలబడి పాలిచ్చింది.

పాలపొడి డబ్బా సారమ్మ పక్కన మూత తీయకుండానే ఉంది.

పౌలు గుమ్మం దాకా వెళ్ళి కూతురి సంచీ అందుకున్నాడు. సంచీ పట్టుకుని గేటు వైపు చూశాడు, ఇంట్లోకి చూశాడు. ఎటు మోయాలో తెలియలేదు.

"బిడ్డా" అన్నాడు. "ఏం చేద్దాం?"

సుశీల పిల్ల వీపు నిమురుతోంది. ఆమె భర్త వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. మామ వైపు చూసింది. ఆయన తల ఎత్తాడు.

"దీని కడుపు నిండనీ బాపూ" అంది. "నిండినంక చెప్త."